షాంపూ బార్, ఉప్పునీళ్ళు, చిక్కులు: ఒక తలస్నానం రోజు

ఆదివారం, పొద్దున్న.

ఇవాళ తలస్నానం. బకెట్ నిండేలోపు చేయాల్సిన పని ఒకటుంది: షాంపూ బార్ (సీసాలో కాక సబ్బు బిళ్ళలా వచ్చే షాంపూ) వచ్చిన అట్టపెట్టెని తిరగేసి వెనక వైపు చదవడం. ముందు వైపు రాసే సహజం, సున్నితం, పూలు, తేనె వగైరాలతో పనేమీ లేదు. సాయంత్రానికి జుట్టు చేతికి జారుతుందా, పీచులా అట్టకడుతుందా అన్నది వెనక ఉన్న చిన్నక్షరాల్లో, అదీ మొదటి రెండు మూడు పేర్లలోనే తేలిపోతుంది.

సోడియం కోకోయేట్, సోడియం ఆలివేట్, సోడియం పామేట్ అని ఉంటే కొబ్బరి, ఆలివ్, పామ్ నూనెలు వేషం మార్చుకుని వచ్చాయన్నమాట. నూనెకి కాస్టిక్ సోడా కలిపి చేసిన అచ్చమైన సబ్బు అది, షాంపూ అన్నది పేరుకే. అలా కాకుండా సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, సోడియం కోకో సల్ఫేట్ లాంటివి మొదట్లో ఉంటే అందులో సబ్బు లేనట్టే, లేదా చాలా తక్కువ. షాంపూలోని నురగ పదార్థాన్నే బిళ్ళగా అదిమారు. దీన్ని సిండెట్ బార్ అంటారు. రెండూ ఒకే ఆకారం, ఒకే సువాసన, ఒకే ధీమా. కోకోయేట్‌కీ కోకోయిల్‌కీ మధ్య కంటికి తేడా చిన్నదే, కానీ దువ్వెనకి బాగా తెలుస్తుంది.

సబ్బు నీటి పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె: 7కి కింద ఆమ్లం, పైన క్షారం. దాన్ని కిందికి దించుదామన్నా కుదరదు. ఆమ్లం కలిపారంటే సబ్బు విరిగి మళ్ళీ కొవ్వు ఆమ్లంగా మారిపోతుంది, నురగ పోతుంది, జిడ్డు మిగులుతుంది. అందుకే 'పీహెచ్ 5.5 ఉన్న సహజమైన సబ్బు' అని ఎవరైనా రాస్తే నమ్మనక్కర్లేదు. సిండెట్‌ని మాత్రం 5, 6 దగ్గర నిలబెట్టొచ్చు. అనుమానముంటే బార్‌ని తడిపి, ఆ నురగలో పీహెచ్ కాగితం ముంచి రంగు చూస్తే సరి.

ఈ అంకెల గోల జుట్టుకెందుకంటే, వెంట్రుక పైన పెంకులు ఉంటాయి. పైకప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి వాలినట్టు, కుదురు నుంచి కొస వైపుకి. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పెంకుల అంచులు లేస్తాయి, పైగా వెంట్రుక మీద ఋణావేశం పెరుగుతుంది. వెంట్రుకలో ఆవేశాలు సరిసమానమయ్యేది సుమారు 3.7 పీహెచ్ దగ్గర. అక్కణ్ణించి 9కి పోయామంటే ప్రతి వెంట్రుకా పక్కదాన్ని నెట్టేస్తుంటుంది, లేచిన పెంకులేమో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఎండాక రేగడం, తడిగా ఉన్నప్పుడు చిక్కుపడడం రెండూ ఇక్కడి నుంచే.

నేయకుండా ఉన్నిని మందపాటి అట్టలా చేస్తారు చూడండి, ఆ పనికి వాడేవి వేడినీళ్ళు, సబ్బు, రుద్దుడు. ఉన్ని పీచు పెంకులు లేచి, ఒకదానిలో ఒకటి దూరి, ఇక విడదీయలేనట్టు బిగుసుకుంటాయి. సబ్బు బార్‌ని నడినెత్తిన పెట్టి, వేడినీళ్ళతో, జుట్టంతా పైకి కుప్పేసి గుండ్రంగా రుద్దితే మనం చేస్తున్నది కూడా అదే. మెడ వెనక ఉండ కడితే ఆశ్చర్యమేముంది?

బకెట్ నిండింది. ఇప్పుడు నీళ్ళ సంగతి.

సగం నేరం నీళ్ళది. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటే సబ్బు వాటితో కలిసి, నీటిలో కరగని తెల్లటి మడ్డిగా మారుతుంది. బకెట్ అంచున, కుళాయి కింద గచ్చు మీద పట్టే జిగురు తెలుపు అదే. అది గచ్చు మీదే కాక తల మీద కూడా పడుతుంది. ఎంత కడిగినా పోదు, ఎందుకంటే కడిగే నీళ్ళలోనే ఆ కాల్షియం ఉంది. ఈ కాఠిన్యం, కాల్షియం కార్బనేట్ లెక్కన, లీటరుకి 120 మిల్లీగ్రాములు దాటితే కఠిన జలమనీ (మనం ఉప్పునీళ్ళనేది వీటినే), 180 దాటితే చాలా కఠినమనీ వాడుక లెక్క. టీడీఎస్ మీటరు చూపే అంకె ఇది కాదు. నీళ్ళలో కరిగిన అన్ని లవణాలనూ అది కలిపి చూపిస్తుంది, సబ్బుని విరిచేవి అందులో కొన్నే.

మీటరు లేకుండా తెలుసుకునే దారి ఉంది. ఒక సీసాలో డిస్టిల్డ్ వాటర్, ఇంకో సీసాలో స్నానపు నీళ్ళు, రెంటినీ సగం దాకా పోసి, గోరంత సబ్బు తురుము రెంటిలోనూ సమానంగా వేసి పది సార్లు ఊపాలి. మొదటి దానిలో నురగ నిలబడి, రెండో దానిలో పాలలా తెల్లబడి పైన తరకలు తేలితే, ఆ నీళ్ళకి సబ్బు బార్ పనికిరాదు. ఎంత ఖరీదైన బార్ అయినా అంతే. సిండెట్ బార్‌కి ఈ బాధ దాదాపు లేదు, అది కాల్షియంతో అలా తరకకట్టదు.

షవర్‌కి తగిలించే ఫిల్టర్లు మామూలుగా క్లోరిన్ కోసమే, కాఠిన్యాన్ని అవి తీయవు. కాచి చల్లార్చితే బైకార్బనేట్ల వల్ల వచ్చే తాత్కాలిక కాఠిన్యం కిందికి దిగుతుంది, పైన తేటని ఒంపుకోవచ్చు. సల్ఫేట్ల వల్ల వచ్చేది మాత్రం కాచినా కదలదు. అంత శ్రమ ఎందుకనుకుంటే, చివరి జాలింపు వరకు ఒక లీటరు ఆర్వో నీళ్ళు పక్కన పెట్టుకుంటే చాలు. తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది.

బార్‌కి మారినవాళ్ళకి 'రెండు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి, జుట్టు అలవాటు పడుతోంది' అనే మాట ఒకటి బాగా చలామణిలో ఉంది. వెంట్రుక ప్రాణం లేని పదార్థం, అది దేనికీ అలవాటు పడదు. ఆ ఆరు వారాల్లో జరిగేదల్లా మడ్డి మీద మడ్డి పేరుకోవడం, లేదా విసుగొచ్చి మనమే వెనిగర్ కలిపిన నీళ్ళతో జాలించడం మొదలుపెట్టడం. మొదటి మూడు తలస్నానాల్లోనే జుట్టు గరుగ్గా మారితే అది సబ్బుకీ నీళ్ళకీ పడలేదనడానికి గుర్తు. ఓపికతో తీరేది కాదు.

అయితే ఏది ఎందుకో తేల్చుకోవాలి, ఎండిపోయింది అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి మరి. తడిగా ఉన్నప్పుడు మైనం రాసినట్టు అంటుకుంటూ, ఆరాక కాంతి లేకుండా, దువ్వెన పళ్ళ మధ్య బూడిదరంగు జిగురు పడితే అది మడ్డి. తడిలోనే కిర్రుమని, వేళ్ళు జారనంత గరుగ్గా ఉంటే క్షారం, లేదా నూనె మొత్తం ఊడ్చేయడం. పైభాగం బాగుండి కొసలు మాత్రమే పీచైతే అది పాత గాయం. రంగులూ బ్లీచూ వేడీ చేసినదాన్ని ఇంతకాలం సీసా షాంపూలోని సిలికాన్ పూత కప్పి ఉంచింది, ఆ పూత పోయి బయటపడింది. రూఢి చేసుకోడానికి ఒక్క పాయ తీసుకుని కింద కొలత చెప్పే పుల్లనీళ్ళలో (వెనిగర్ కలిపిన నీళ్ళలో) రెండు నిమిషాలు నానబెట్టి జాలించి చూడాలి. పాయ మెత్తబడితే దోషం క్షారానిదో మడ్డిదో. ఏ మార్పూ లేకపోతే కండిషనర్ మీదకి పోవాలి.

స్నానం.

ముందు పొడిజుట్టుకే చిక్కు తీసేయాలి. తడిపాక ఉన్న చిక్కు రెండింతలు బిగుస్తుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో ఒక నిమిషం పూర్తిగా తడపాలి. బార్‌ని తల మీద కాక తడి అరచేతుల మధ్య ఎనిమిది, పది సార్లు తిప్పాలి. వచ్చిన నురగని వేళ్ళ కొనలతో మాడుకి పట్టించాలి. ఒత్తయిన జుట్టుకి నాలుగు పాపిళ్ళుగా విడదీసి, ఒక్కో పాపిడికీ మళ్ళీ కొంచెం నురగ. కొసలకి విడిగా రుద్దనక్కర్లేదు, జాలించేటప్పుడు కిందికి జారే నురగే వాటికి ఎక్కువ. జుట్టు ఎప్పుడూ కిందికే వేలాడాలి, నెత్తిన ముద్ద చేయకూడదు.

సిండెట్ వాడినా ఎండిపోతోందంటే కారణం సాధారణంగా ఇక్కడ ఉంటుంది. సీసా షాంపూలో చాలా భాగం నీళ్ళే, నురగ పదార్థం 10 నుంచి 15 శాతం. బార్‌లో అదే సగమో, అంతకన్నా ఎక్కువో. ఒంటి సబ్బులా రుద్దితే మోతాదు నాలుగైదు రెట్లు ఎక్కువైపోతుంది. దానికితోడు సీసా షాంపూల్లో సిలికానో, వెంట్రుకని పట్టుకునే పాలిమరో వేసి ఉంటారు. బార్‌లో అవి లేకపోతే ఆ జారుడు కూడా పోతుంది. చాలామంది బార్‌ని తిట్టేది నిజానికి ఆ జారుడు లేదనే.

జాలించడం తక్కువలో తక్కువ రెండు నిమిషాలు, వేళ్ళతో మాడు దగ్గర విడదీస్తూ. సబ్బు బార్ అయితే ఇది మరీ ముఖ్యం. సబ్బు పూర్తిగా పోకముందే పుల్లనీళ్ళు పోస్తే, మిగిలిన సబ్బంతా తల మీదే కొవ్వు ఆమ్లంగా విరిగి జిడ్డవుతుంది. 'వెనిగర్ పోశాక ఇంకా జిడ్డయింది' అనేవాళ్ళకి జరిగేది ఇదే. అప్పటికే మడ్డి దట్టంగా పట్టిన జుట్టుకీ ఇదే గతి: ఆమ్లం కాల్షియంని విడదీస్తుంది, కొవ్వు మిగిలిపోతుంది. అలాంటప్పుడు పుల్లనీళ్ళ తర్వాత ఒకసారి సిండెట్‌తోనో మామూలు షాంపూతోనో కడిగితేనే పోతుంది. ఈడీటీఏ, సోడియం ఫైటేట్, సోడియం గ్లూకోనేట్ లాంటివి ఉన్న క్లారిఫైయింగ్ షాంపూ దొరికితే ఇంకా మేలు, అవి కాల్షియంని పట్టుకుని నీళ్ళతో తీసుకుపోతాయి. సోడా ఉప్పు జోలికి మాత్రం పోవద్దు, అది మళ్ళీ క్షారమే.

పుల్లనీళ్ళ కొలత: అర లీటరు నీళ్ళకి 5 శాతం వెనిగర్ 15 మిల్లీలీటర్లు. వాసన పడకపోతే లీటరు నీళ్ళకి సిట్రిక్ యాసిడ్ 1 గ్రాము, అంటే ఇంచుమించు పావు టీస్పూను. ఉప్పునీళ్ళలో కొంత ఆమ్లం బైకార్బనేట్లకే ఖర్చయిపోతుంది కాబట్టి ఆ మోతాదు సరిపోతుంది, మెత్తటి నీళ్ళకైతే అందులో సగం చాలు. పీహెచ్ కాగితం మీద 3.5కీ 4.5కీ మధ్య కనిపిస్తే బాగున్నట్టు. తల వెనక్కి వంచి, కళ్ళలో పడకుండా పోసి, ఒకటి రెండు నిమిషాలుంచి జాలించాలి. మాడు మీద గీతలూ పుండ్లూ ఉంటే మండుతుంది, ఆ వారానికి మానేయడమే. నిమ్మరసం నేరుగా పిండే అలవాటు మంచిది కాదు: పులుపు ఎంతుందో కొలత తెలీదు, తొనల నలుసులు ఇరుక్కుంటాయి, రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు కూడా లేవొచ్చు.

కండిషనర్ దీని తర్వాతే. వెనిగర్ పెంకుల్ని సర్దుతుంది గానీ జారుడుని ఇవ్వదు. ఆ పని బెహెంట్రిమోనియం, సెట్రిమోనియం పేరుతో మొదలయ్యే ధనావేశ పదార్థాలది, ఋణావేశమున్న వెంట్రుకకి అవి అంటిపెట్టుకుంటాయి. నురగ మిగిలి ఉంటే దానితోనే కలిసి వృథా అవుతాయి, ఇదింకో కారణం బాగా జాలించడానికి. పదార్థాల పట్టికలో సెటైల్ ఆల్కహాల్, సెటియరైల్ ఆల్కహాల్ చూసి భయపడక్కర్లేదు. పేరుకే ఆల్కహాల్, నిజానికి మైనం లాంటి మెత్తటి కొవ్వు. కండిషనర్ బార్ అయితే జుట్టు మీద గీరకుండా 3 గ్రాముల తురుము 30 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో కరిగించి, గోరువెచ్చగా అయ్యాక చెవుల కింది నుంచి కొసల దాకా రాయాలి. మిగిలింది దాచొద్దు, నీళ్ళు కలిశాక పాడవుతుంది.

మధ్యాహ్నం.

తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు బనీనుతో ఒత్తి నీళ్ళు పీల్చాలి. వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీళ్ళు తాగుతుంది, ఆ మేరకు మందం సుమారు 15 శాతం పెరుగుతుంది, సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. అందుకే ఉంగరాల జుట్టుకి చిక్కు తీసే సమయం కండిషనర్ ఇంకా ఉన్నప్పుడే. సాదా జుట్టయితే ముప్పాతిక భాగం ఆరాక. ముందు వేళ్ళు, తర్వాత పెద్ద పళ్ళ దువ్వెన. కొస నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున మొదలుపెట్టి, విడివడ్డాక ఇంకో నాలుగు వేళ్ళు పైకి. చిక్కుకి పైన పిడికిట్లో బిగించి పట్టుకుంటే లాగుడు కుదురుదాకా పోదు. బిగిసిన ఉండని దువ్వెనతో పొడవకుండా, రెండు చుక్కల నూనో కండిషనరో వేసి, ఉండని అడ్డంగా చీలుస్తూ పాయలు పాయలుగా లాగాలి.

వచ్చే తలస్నానానికి ఒక మాట. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూసి 2003లో వచ్చిన పరిశోధన ప్రకారం, తలస్నానంలో వెంట్రుక పోగొట్టుకునే ప్రొటీన్‌ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అది లోపలికి ఇంకుతుంది. కాబట్టి ముందురోజు రాత్రి కొసలకి ఒక చిన్న చెంచా చాలు. ఇంకా ఎక్కువ రాస్తే దాన్ని వదిలించడానికి ఎక్కువ నురగ కావాలి, మళ్ళీ పొద్దుటి కథే.

రాత్రి.

బార్‌ని నీళ్ళు నిలవని జాలీ మీద నిలబెట్టి ఆరనివ్వాలి. తడి గిన్నెలో వదిలేస్తే అడుగు జావైపోతుంది, రేపు తడిచేత్తో ముట్టుకోగానే మూడింతలు అంటుకొస్తుంది. పుల్లనీళ్ళు మిగిలితే పారబోయడమే. కుళాయి మీద తెల్లమరకలుంటే అటు పోస్తే అవి కూడా కొంత వదులుతాయి.