‘చేస్తాం’ అన్న పాపానికి వచ్చిన లారీ

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పన్నెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను. చదివింది తెలుగు మీడియం. ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తే ఇప్పటికీ ముందు ఒక గ్లాసు నీళ్లు తాగుతాను.

రెండేళ్ల కింద, యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో, తమిళనాడు నుంచి కొత్త పార్టీ ఫోన్ చేశాడు. రేటు కుదిరింది. చివర్లో ‘డు యు లోడ్ ఎట్ నైట్?’ అని అడిగాడు. మా దగ్గర సీజన్లో రాత్రి కూడా లోడింగ్ ఉంటుంది. ‘రాత్రి కూడా చేస్తాం’ అని మనసులో అనుకొని, ‘యెస్ సార్, వి విల్ లోడ్ ఎట్ నైట్’ అన్నాను. ఆయన అడిగింది మా అలవాటు గురించి, నేను ఇచ్చింది మాట. పార్టీ లారీ ఒకటి అప్పటికే నల్గొండలో సరుకు దింపి ఖాళీగా ఉందట. రాత్రి పదిన్నరకు మా గేటు ముందు హారన్ కొట్టింది. ఆ రోజే హమాలీల్లో ఒకాయన బిడ్డ పెళ్లి. మిల్లులో వాచ్‌మన్ తప్ప మనిషి లేడు. డ్రైవరుకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు. పొద్దున సేటు, లారీ రాత్రంతా ఆగినందుకు హాల్టింగ్ డబ్బులు కట్టి, నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత కూర్చొని ఆలోచిస్తే తెలిసింది, తిరకాసు మన ‘చేస్తాం’లోనే ఉంది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెండింటికీ మనకు ఒకటే క్రియ. రోజూ, రేపు అనే మాటలే తేడా చెప్తాయి. ఇంగ్లీషువాళ్లు దాన్ని రెండు ముక్కలు చేసుకున్నారు. అలవాటైతే ‘ఐ కమ్’, మాట ఇస్తే ‘ఐ విల్ కమ్’. నేను ‘వి లోడ్’ అని ఊరుకుంటే లారీ వచ్చేది కాదు. వాళ్లకూ తిరకాసులు లేకపోలేదు. రేపటి రైలుకు కూడా ‘లీవ్స్’ అనే అంటారు. టైంటేబుల్లో ఉన్నది రైలుకు అలవాటు కింద లెక్క. మన రైళ్ల సంగతి వాళ్లకేం తెలుసు!

అలవాటు చెప్పబోయి మనం తప్పే ఇంకో దారి ‘ఐయామ్ గోయింగ్ డైలీ’. ‘రోజూ పోతున్నా’ అన్నదాన్ని అట్లనే ఇంగ్లీషులోకి దింపేస్తాం. నిజానికి అది ప్రతిసారీ తప్పు కాదు. మోకాలి నొప్పికి ఈ నెల రోజులు వాకింగ్ చేస్తున్నానంటే ‘ఐయామ్ వాకింగ్ దిస్ మంత్’ సరిగ్గా సరిపోతుంది. ఏళ్ల తరబడి నడిచేవాడికైతే ‘ఐ వాక్’.

ఇదంతా మొన్న మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆరో తరగతి చదువుతున్న మా బిడ్డకు నానమ్మ దినచర్య రాసుకురమ్మని హోంవర్క్ ఇచ్చారు. మా అమ్మ నాలుగింటికి లేస్తుంది, వాకిలి ఊడ్చి సాన్పి చల్లుతుంది, బర్రెకు గడ్డి వేస్తుంది, ఆ తర్వాతే చాయ్. బిడ్డ ‘షి గెట్స్ అప్’ అని బాగానే మొదలుపెట్టింది. ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ‘డజ్ షి గెట్స్ అప్’ అని రాసింది. ఆ ‘ఎస్’ ఒక్కటే ఉంటుంది, ‘డజ్’ వచ్చి దాన్ని ఎత్తుకుపోయింది, ఇంకా ‘గెట్’ దగ్గర ఎక్కడిది అన్నాను. నవ్వింది.

అంతకుముందు నోట్‌బుక్కులో ‘అవర్ హెడ్‌మాస్టర్ కమ్ ఎట్ నైన్’ అని ఉంది. ‘ఎస్’ ఏదమ్మా అంటే, ‘సారు వస్తడు అనొద్దు గదా డాడీ, వస్తరు అనాలె’ అంది. నాకు నోట మాట రాలేదు. పిల్ల తప్పు చేయలేదు, మర్యాద చేసింది! మన ‘వస్తరు’ బహువచనం కాబట్టి ‘దే కమ్’ లెక్కన ‘ఎస్’ తీసేసింది. ఇంగ్లీషులో గౌరవం క్రియలో ఉండదు, రాష్ట్రపతి అయినా ‘కమ్స్’ అనే రాయాలి అని చెప్పాను. పూర్తిగా నమ్మినట్టు లేదు.

మంచం మీద నుంచి అంతా వింటున్న మా అమ్మ, ‘నా గురించి ఏం రాసినవ్ బిడ్డా?’ అంది.

‘నాలుగు గొట్టంగ లేస్తవని.’

‘నిన్న అయిదున్నరకు లేసిన. పానం బాగలేకుండె. అబద్ధం రాయకు.’

బిడ్డ రబ్బరు తీసింది. ఆపాను. ఒక్క పూట ఆలస్యమైతే అలవాటు పోదు, ‘యూజువల్లీ’ అని పెట్టు, సరిపోతుంది అన్నాను. ఎక్కడ పెట్టాలని అడిగింది. ‘గెట్స్’కు ముందు. ‘ఈజ్’ ఉన్న వాక్యమైతే దాని తర్వాత. వరుసలో జాగా లేదు. పైన చిన్న బాణం గీసి, ఇరికించి రాసింది.