విమానం ఎక్కనిస్తే పడవ ఎందుకు ఎక్కుతారు

యూరప్‌కి వలస వచ్చేవాళ్ల పడవ మధ్యధరా సముద్రంలో మునిగిందని వార్త వస్తే చాలు, స్మగ్లర్లకి అంత డబ్బు పోసే బదులు హాయిగా విమానంలో రావచ్చుగా అని ఎవరో ఒకరు అడుగుతారు. రానివ్వరండీ. సరైన కాగితాలు లేని మనిషిని ఎక్కించుకొస్తే తలకి వేల యూరోల జరిమానా, వెనక్కి పంపే ఖర్చు కూడా ఎయిర్‌లైన్‌దే అని యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2001లోనే డైరెక్టివ్, అంటే సభ్య దేశాలు తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన ఆదేశం, తెచ్చింది. ప్రాణభయంతో వచ్చినవాళ్లని ప్రమాదంలోకి తిప్పి పంపకూడదనే అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందానికి భంగం రాకూడదని అందులో ఓ ముక్క ఉందిలెండి, కానీ చెక్-ఇన్ కౌంటర్‌లో అమ్మాయి ఎదురుగా ఉన్నాయనకి ప్రాణభయం ఉందో లేదో ఎలా తేలుస్తుంది, వీసా ఉందా లేదా చూస్తుంది, లేకపోతే పక్కకి జరగమంటుంది, అంతే. పోనీ ఆశ్రయం అడగడానికే వీసా ఇమ్మని ఓ సిరియా కుటుంబం బెల్జియం ఎంబసీలో అడిగితే, ఈయూ చట్టం ప్రకారం ఇవ్వాల్సిన పని లేదని 2017లో ఈయూ కోర్టు తేల్చేసింది.

ఇక మిగిలింది సముద్రమే. 2009లో ఇటలీ నడిసముద్రంలో జనాన్ని తన ఓడల్లోకి ఎక్కించుకుని లిబియాలో దింపేసింది, అది తప్పని 2012లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు మొట్టికాయ వేసింది. అప్పుడైనా మానారా? 2017లో లిబియాతోనే ఒప్పందం పెట్టుకుని వాళ్ల కోస్ట్ గార్డ్‌కి బోట్లూ ట్రైనింగూ ఇచ్చారు, ఇప్పుడు వాళ్లే పట్టుకెళ్లి డిటెన్షన్ సెంటర్లలో పడేస్తారు, అక్కడ డబ్బుల కోసం పెట్టే చిత్రహింసల గురించి ఐరాస నివేదికలు చదివితే అన్నం సయించదు. 2023 జూన్‌లో గ్రీస్ పైలోస్ దగ్గర దాదాపు 750 మందితో మునిగిన పడవని ముందు రోజే ఈయూ సరిహద్దు కాపలా సంస్థ ఫ్రాంటెక్స్ విమానం చూసింది, బతికింది 104 మంది.

సరిహద్దు అన్నాక కాపలా ఉండాలి, వచ్చిన ప్రతివాళ్లకీ శరణార్థి హోదా రాదు, ఒప్పుకుంటా. కానీ అదే 2001లో ఈయూ వాళ్లు తాత్కాలిక రక్షణ డైరెక్టివ్ అని, ఒక్కసారిగా పారిపోయి వచ్చే జనానికి వెంటనే ఆశ్రయం ఇచ్చేది, ఇంకోటి కూడా చేశారు, 20 ఏళ్లకి పైగా దుమ్ము పట్టి ఉన్నదాన్ని 2022 మార్చిలో ఉక్రెయిన్ వాళ్ల కోసం బయటికి తీశారు, 40 లక్షల మందికి పైగా నీడ దొరికింది, చాలా రైళ్లలో టికెట్ కూడా అడగలేదు. చెయ్యలేక కాదన్నమాట.

2024లో ఈయూ వలసలూ ఆశ్రయం మీద కొత్త ఒప్పందం పాస్ చేశారు, అమలు 2026 జూన్ నుంచి. ఆశ్రయం దొరికే రేటు 20 శాతం లోపు ఉన్న దేశాల వాళ్ల కేసులు సరిహద్దు దగ్గరే 12 వారాల్లో తేల్చాలట, అప్పటిదాకా ఆ నేల మీదే ఉన్నా చట్టం దృష్టిలో లోపలికి రానట్టే లెక్క. ఉచిత న్యాయ సలహా ఇస్తామని అయితే రాశారు, పడవలు చేరే గ్రీస్, ఇటలీ దీవుల్లో అంతమందికి లాయర్లని ఎక్కణ్ణుంచి తెస్తారో మరి.