మిరియాలూ అర మార్కూ

పదకొండున్నర. అర మార్కు కోసం నిద్ర మానుకునేది నువ్వొక్కదానివే అని ఈయన అటు తిరిగి పడుకున్నారు. పడుకోనీ.

చిన్నోడి యూనిట్ టెస్టులో "లీవెన్‌హుక్ ఎవరు?" అని రెండు మార్కుల ప్రశ్న. వీడు రాసింది: "హాలండులోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారి. మిరియాలు ఎందుకు ఘాటుగా ఉంటాయో చూద్దామని నీళ్ళలో నానేశాడు. అందులో చిన్న చిన్న ప్రాణులు కనిపించాయి. మైక్రోస్కోపు కనిపెట్టాడు." మిరియాల వాక్యాలకి ఎర్ర ఇంకుతో గీత, పక్కన "అనవసరం". ఇచ్చింది అర మార్కు.

అనవసరమా? అసలు సంగతే అది కదా! మిరియాలకి కంటికి కనపడని ముళ్ళుంటాయేమో, అవి నాలుకకి గుచ్చుకుంటాయేమో అని ఆయన అనుమానం. 1676లో నానేసి, నీళ్ళు ఇంకిపోతుంటే మంచు కరిగిన నీళ్ళు పోస్తూ, మూడు వారాలు ఆగి చూశాడు. ముళ్ళు దొరకలేదు, బాక్టీరియా దొరికింది. బట్టలో పోగులు లెక్కపెట్టుకునే భూతద్దాల మనిషి, అప్పటి పండితుల భాష లాటిన్ కూడా రాదు. లండన్‌లో శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి డచ్చిలోనే ఉత్తరాలు రాశాడు. వాళ్ళు వెంటనే నమ్మలేదు. అక్కడ ప్రయోగాలు చేసి చూపించే రాబర్ట్ హుక్‌కి కూడా మొదట ఏమీ కనిపించలేదు, 1677 నవంబరులో గానీ కనిపించలేదు.

హుక్ మీద నాకు జాలి. ఇంటర్ బైపీసీలో మాకు మైక్రోస్కోపులు రెండు, ఎప్పుడూ అద్దాల బీరువాలో తాళం వేసే ఉండేవి. ఏడాదికి ఒక్కసారి ఉల్లిపొర స్లైడు పెట్టి లైన్లో నిలబెట్టారు. నా వంతు వచ్చింది. కన్ను ఆనించాను. నల్లటి ఈనెల్లా ఏవో కదిలాయి. కణాలే అనుకుని పొంగిపోయాను. నా కనురెప్పల వెంట్రుకలవి! వెనకాల పిల్ల తోస్తోంది. "కనిపించిందా?" అని సార్ అడిగితే "కనిపించింది సార్" అన్నాను. రికార్డులో బొమ్మ పుస్తకం చూసి వేశాను. తరగతిలో అందరం అంతే, ఇటుకల గోడ గీసినట్టు.

సరే, రేపు స్కూలుకెళ్ళి గట్టిగా అడుగుదామని తీర్మానించి, పేపరు మళ్ళీ చూశాను. గీత పడని ఆఖరి వాక్యం ఉందే, తప్పు అదొక్కటే. ఆయన 1632లో పుట్టక ముందే మైక్రోస్కోపులు ఉన్నాయి. ఆయన చేసుకున్నవి ఇత్తడి రేకుల మధ్య గింజంత అద్దం బిగించినవి. వాటిలో ఇప్పుడు మిగిలిన మేలైనది దాదాపు 270 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అదీ గొప్ప. కానీ "కనిపెట్టాడు" అని వీడికి చెప్పిందెవరు? మిరియాల కథతో పాటు నేనే.

ఇప్పుడు వెళ్ళి అడిగితే ఆ అర మార్కూ పోతుంది. వెళ్ళను. వెళ్ళకపోతే వీడు తప్పే నేర్చుకుంటాడు. పొద్దున్న వీడికి మాత్రం చెప్తాను.

ఇంకోటి, వంటింటి కిటికీలో గాజు గ్లాసు నిండా నీళ్ళు, అడుగున పది మిరియాలు. "తియ్యొద్దు" అని చీటీ. మైక్రోస్కోపు ఎక్కడుందిరా మనకి! చుట్టాలొస్తే ఇచ్చే సెట్టులో గ్లాసది.