చెలక మన్ను, అడవి మన్ను

మా పత్తి చెలక అచ్చంపేట దగ్గర. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటితే నల్లమల అడవి. ఎమ్మెస్సీ థీసిస్‌కు ఈ రెండు మన్నుల్లోని సూక్ష్మజీవులను పోల్చి చూస్తానని గైడ్ మేడమ్‌తో చెప్పిన రోజు, అడవిలోనే రకాలు ఎక్కువ తేలతాయని గట్టిగా నమ్మాను.

అడవిలోకి అనుమతి చేతికొచ్చాక టేకు కింద, ఇప్ప కింద, వెదురు పొదల్లో, వాగు ఒడ్డున నమూనాలు తీశాను. పైనున్న ఆకులు పక్కకు నెట్టి, 15 సెంటీమీటర్ల లోతు గుంత తవ్వి, దాని అంచు నుంచి పైనుంచి కిందిదాకా ఒక పొర చెక్కాలి. ఇప్ప కింద ఆకులు ఎత్తబోతే ఒకదానికొకటి అతుక్కుని లేచాయి. తెల్లటి బూజు పోగులు వాటిని కుట్టేసినట్టు పట్టుకున్నాయి. మన్ను గుప్పిట్లోకి తీసుకుంటే తొలకరి వాసన. స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు వదిలే జియోస్మిన్ వాసన అది. మా చెలకలో ఎంత వెతికినా ఆ పోగులు కనబడలేదు. ఏటా రోటవేటర్ తిరిగే నేలలో అవి అల్లుకునేలోపే తెగిపోతాయి.

ల్యాబ్‌లో 10 గ్రాముల మన్ను 90 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పోయి, సూక్ష్మజీవులు మొలిచేందుకు మేత పరిచిన ప్లేట్ల మీద పోశాను. చెలక ప్లేట్లు అడవి ప్లేట్లకు ఏమీ తీసిపోలేదు. నాకు నోట మాట రాలేదు. "ప్లేటు మీద మొలిచేవి మట్టిలో ఉన్నవాటిలో నూటికి ఒకటి కూడా ఉండవమ్మా, డీఎన్‌ఏ తియ్యి" అన్నారు మేడమ్.

అక్కడే మూడు వారాలు పోయాయి. అడవి మన్ను డీఎన్‌ఏ టీ డికాషన్ రంగులో వచ్చేది. ఆకులు కుళ్లి తయారైన హ్యూమిక్ ఆమ్లాలు వెంట వచ్చేసి, డీఎన్‌ఏకు కాపీలు తీసే పీసీఆర్‌ను అడ్డుకునేవి. ఆ కాపీలు గీతలుగా కనబడాల్సిన జెల్ ఎన్నిసార్లు చూసినా ఖాళీ. చివరికి డీఎన్‌ఏను పదింతలు పలచన చేసి పెడితే, ఒక రాత్రి నేను వెతుకుతున్న బ్యాక్టీరియా జన్యువు పొడవు, 1500 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) దగ్గర సన్నటి గీత మెరిసింది. ఏడుపొచ్చింది.

డీఎన్‌ఏ అక్షరాల వరుస చదివే సీక్వెన్సింగ్ ఫలితాల్లో, ఒక్కో చోటు విడిగా చూస్తే బ్యాక్టీరియా రకాలు చెలకలోనూ అడవిలోనూ ఇంచుమించు సమానమే. కానీ చెలకలో ఏ రెండు చోట్లు తీసుకున్నా ఒకేలా ఉన్నాయి. అడవిలో ఇప్ప కిందిది వేరు, వాగు ఒడ్డుది వేరు. అమెజాన్ అడవి కొట్టి పచ్చిక బీళ్లు చేసిన చోట కూడా ఇలాగే జరిగిందని 2013లో వచ్చిన పేపరొకటి మేడమ్ నా ముందు పెట్టారు. అక్కడ ఒక్కో చోట రకాలు పెరిగాయి కూడా, కానీ చోటుకూ చోటుకూ ఉన్న తేడా చెరిగిపోయింది. మా దగ్గరా అంతే కదా. ఒకప్పుడు జొన్న, కంది, పెసర కలిపి వేసిన చెలకలో ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే పత్తి, ఒకటే యూరియా, ఒకటే డీఏపీ.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. అంతా విని, "గట్టు మీది మన్ను తీసినవా బిడ్డా? మా నాయిన కాలం నుంచి దానికి నాగలి తగల్లే" అన్నాడు.

తియ్యలేదు. మళ్లీ ఆదివారం ఐస్ బాక్స్ పట్టుకుని తంగేడు పొద పక్కన, ఆ గట్టు మీదే కూర్చున్నాను.