డబ్లిన్ నుంచి డెర్రీకి: చెక్‌పోస్టు కోసం వెతుకుతూ

అల్లుడు నన్ను డెర్రీ బస్సు ఎక్కించడానికి వచ్చాడు గానీ తాను ఎక్కలేదు. ఎక్కకూడదు. డబ్లిన్‌లో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాడు, ఐర్లండ్ నివాస కార్డు ఉంది, పన్నులు కడుతున్నాడు. అయినా భారత పాస్‌పోర్టుతో డెర్రీకి, అంటే బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో అడుగు పెట్టాలంటే బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. రెండు నెలలు కూతురి దగ్గర ఉండిపోదామని వచ్చిన నాకు ఆ బాధ లేదు. నా ఐర్లండ్ వీసా మీద బీఐవీఎస్ అనే నాలుగు అక్షరాలు వేసి ఇచ్చారు. అవి ఉంటే అదే వీసాతో రెండు దేశాలూ తిరగవచ్చు.

"ఇంట్లో ఉన్నవాడికి లేని హక్కు చుట్టపు చూపుగా వచ్చిన మీకుంది, మామయ్యగారూ. వెళ్లి నా వంతు కూడా చూసి రండి" అన్నాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. వాణిజ్య పన్నుల శాఖలో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు సరిహద్దు చెక్‌పోస్టుల్లోనే గడిచాయి. కొన్నాళ్లు ఇచ్ఛాపురం వైపు, కొన్నాళ్లు తడ వైపు. లారీ ఆగుతుంది, డ్రైవరు కాగితాల కట్టతో కిటికీ దగ్గరకు వస్తాడు, వేబిల్లు, ఇన్వాయిస్ సరిచూసి ముద్ర కొడతాం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, ఆ గదులకు తాళాలు పడ్డాయి. రిటైరయ్యాక మావాళ్లందరూ గుళ్లకూ గోపురాలకూ తిరుగుతుంటే నాకు సరిహద్దు చూడటం మీదే ధ్యాస. అందులోనూ ఐర్లండ్ సరిహద్దు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యలో ఉండాలా, వెళ్లిపోవాలా అని 2016 జూన్ 23న ఓట్లు వేస్తే 51.9 శాతం వెళ్లిపోదామన్నారు. ఐర్లండ్ మాత్రం సమాఖ్యలోనే ఉంది, కాబట్టి ఈ సరిహద్దే సమాఖ్య సరిహద్దు అవుతుంది. ఆ తరవాత మూడేళ్లకు పైగా ఆ దేశపు పార్లమెంటు తల పట్టుకున్నది ఎక్కువగా ఈ గీత దగ్గరే.

2024 మే నెల. డెర్రీకి బస్సులో దాదాపు నాలుగు గంటలు. మొనహన్ దాటాక ఎమివేల్ అనే చిన్న ఊరు వచ్చింది. అక్కడి నుంచి కిటికీకి అతుక్కుపోయాను. ఎక్కడో ఒక గేటో, పాత షెడ్డో, కనీసం ఒక బోర్డో కనిపిస్తుందని. ఆవులు కనిపించాయి. ఒక పెట్రోలు బంకు కనిపించింది. రోడ్డు అంచున పసుపు గీత తెల్లగా మారింది. వేగం బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్లు వచ్చాయి, ఐరిష్ భాష అక్షరాలు మాయమయ్యాయి. జేబులో ఫోను కుయ్యిమంది: యునైటెడ్ కింగ్‌డమ్‌కు స్వాగతం. అంతే. సుమారు ఐదు వందల కిలోమీటర్ల సరిహద్దు, రెండు వందలకు పైగా రోడ్లు దాన్ని దాటుతాయి, ఒక్కచోటా గేటు లేదు. వృత్తిపరంగా చెబుతున్నాను, ఇన్ని రోడ్లున్న సరిహద్దును కాపలా కాయడం మా శాఖ మొత్తం వచ్చి కూర్చున్నా అయ్యే పని కాదు.

గేటు దొరకలేదని నిరాశపడుతున్న నన్ను చూసి పక్క సీట్లో పెద్దావిడ నవ్వింది. ఎనభై ఏళ్లుంటాయి, స్ట్రబాన్‌లో దిగాలి. "మీరు ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా వచ్చారు" అంది. నిజమే. 1923లో ఇక్కడ కస్టమ్స్ గదులు మొదలయ్యాయి. ఐరోపా సమాజ (ఇప్పటి సమాఖ్య) సభ్య దేశాలన్నీ ఒకే సంతగా మారిన 1993 జనవరి 1న మూతపడ్డాయి. బ్రిటన్ సైన్యం పోస్టులు మాత్రం ఇక్కడి కొట్లాటలకు ముగింపు పలికిన 1998 శాంతి ఒప్పందం తరవాతే పోయాయి.

నా ఉద్యోగం సంగతి చెప్పాక ఆవిడకు హుషారు వచ్చింది. వాళ్ల ఊరికీ ఐర్లండ్ వైపున్న లిఫర్డ్‌కూ మధ్య ఒక్క వంతెన. ఉత్తర ఐర్లండ్‌లో వెన్నకు రేషను ఉన్న రోజుల్లో వాళ్లమ్మ తోపుడు బండిలో పసివాణ్ణి పడుకోబెట్టుకుని వంతెన దాటి వెళ్లి, వాడి పరుపు కింద వెన్న ముద్దలు దాచి తెచ్చేదట. "ఎండ కాసిన రోజున మా తమ్ముడు ఇంటికి వచ్చేసరికి వేయించడానికి సిద్ధంగా ఉండేవాడు." ఊక బస్తాల కింద ఏమేం దాచి తెచ్చేవారో నేనూ చెప్పాను. పక్క సీట్లవాళ్లు కూడా వింటున్నారని తరవాత గమనించాను.

కానీ ఇది నవ్వులాటల సరిహద్దు మాత్రమే కాదు. మా బస్సు అప్పటికి ఆక్నక్లాయ్ ఊళ్లోంచి పోతోంది. 1988 ఫిబ్రవరిలో ఇక్కడి సైనిక చెక్‌పోస్టు దాటి ఫుట్‌బాల్ మైదానానికి నడుచుకుంటూ వెళ్తున్న ఇరవై మూడేళ్ల కుర్రవాడు సైనికుడి తుపాకీ గుండుకు బలయ్యాడు. అంతకు ముందు 1972 ఆగస్టులో సరిహద్దు దగ్గరి న్యూరీ ఊళ్లో, కస్టమ్స్ కార్యాలయంలో ఐఆర్ఏవాళ్లు (ఉత్తరాన్ని ఐర్లండ్‌లో కలపాలని ఆయుధాలు పట్టినవాళ్లు) తెచ్చిన బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. తెచ్చినవాళ్లూ పోయారు, కస్టమ్స్ గుమాస్తాలూ పోయారు, కాగితాలు చూపించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవర్లూ పోయారు. కిటికీకి ఇటు నేను, అటు డ్రైవరు. ఆ దృశ్యం నాకు తెలుసు. ఈ నేల మీద మళ్లీ చెక్‌పోస్టు అనే మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు.

ఓటు గురించి అడిగితే ఆవిడ సాగదీయలేదు. "ఉండిపోదామనే వేశాను. మా వంతెన సంగతి లండన్‌లో ఎవరికి గుర్తుంది?" ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండిపోదామన్నవారే. డెర్రీ ఉన్న ఫోయిల్ నియోజకవర్గంలోనైతే 78.3 శాతం. అదే సమయంలో లండన్‌లో వర్క్ వీసా మీద ఉన్న మా మేనల్లుడు కూడా ఓటేశాడు, కామన్వెల్త్ దేశపు పౌరుడు కాబట్టి. ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్న వాడి జర్మన్ పొరుగాయనకు మాత్రం ఓటు లేదు. వాడు ఎటు వేశాడో నాకు ఇప్పటికీ చెప్పడు.

డెర్రీ అందమైన ఊరు. పదిహేడో శతాబ్దపు కోట గోడ ఊరి చుట్టూ చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద నడిచి ఊరంతా చుట్టి రావచ్చు. దారి బోర్డుల మీద లండన్‌డెర్రీ అన్న పేరులో లండన్‌ను, ఐర్లండ్‌తో కలవాలనేవాళ్లెవరో రంగు పూసి చెరిపేస్తుంటారు. గోడ కింద ఒక పేటలో కాలిబాట రాళ్లకు ఎరుపు, తెలుపు, నీలం రంగులు. బ్రిటన్‌తోనే ఉంటామని దాని అర్థం. ఊరి పేరు ఎలా పలికితే ఎవరు నొచ్చుకుంటారో తెలియక రెండు రోజులూ "ఈ ఊరు" అంటూ గడిపేశాను.

నేను దిగిన అతిథి గృహం నదికి తూర్పు ఒడ్డున ఉంది. యజమాని వెళ్లిపోదామని ఓటేసిన మనిషి. పొద్దున ఫలహారం పెడుతూ తన గోడు చెప్పుకున్నాడు. స్కాట్లండ్ నర్సరీ నుంచి ఏటా గులాబీ మొక్కలు తెప్పించుకునేవాడట. 2021 నుంచి ఆగిపోయాయి, వేళ్లకు మట్టి ఉంటే రానివ్వరని. ఐర్లండ్ నేల మీద గేటు పెట్టలేక, మిగతా బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య ఉన్న సముద్రం దగ్గర తనిఖీ పెట్టారు మరి. బెల్‌ఫాస్ట్, లార్న్ రేవుల్లో చూస్తారు. 2023 అక్టోబరు నుంచి ఇక్కడే అమ్ముడుపోయే సరుక్కి ఆకుపచ్చ దారి, ఐర్లండ్‌కు పోయే అవకాశం ఉన్న సరుక్కి ఎర్ర దారి అని కొంత సడలించారు.

"మేము వెళ్లిపోదామన్నది బ్రసెల్స్‌లో కూర్చున్న సమాఖ్య నుంచి. మమ్మల్ని లండన్ నుంచి విడదీయమని కాదు. ఒకే దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు వస్తే కాగితాలేమిటండీ?" అన్నాడు.

"మా దేశంలో 2017 దాకా అదే పద్ధతి. ఆ కాగితాలు చూసినవాణ్ణి నేనే" అన్నాను.

చేతిలో టీ కెటిల్ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఒకే దేశంలోనా?"

"ఒకే దేశంలోనే."

"ఎవరూ తిరగబడలేదా?"

"డ్రైవర్లు తిట్టుకునేవారు."

2014 జూన్ 2న మా రాష్ట్రం రెండయితే, విజయవాడ వ్యాపారి హైదరాబాదుకు పంపే సరుకు రాత్రికి రాత్రే అంతర్‌రాష్ట్ర అమ్మకం అయిపోయిందని కూడా చెప్పాను. ఆయన ఓటును నేను తప్పుపట్టను. తన దేశపు చట్టాలు తన దేశంలోనే తయారు కావాలనుకోవడం చిన్న కోరికేమీ కాదు. కానీ చెక్‌పోస్టులో కూర్చున్నవాడికి తెలిసిన విషయం ఒకటుంది. నీకొక రేటు, నాకొక రేటు, నీకొక నిబంధన, నాకొక నిబంధన అనుకున్నాక సరుకును ఎక్కడో ఒకచోట ఆపి చూడవలసిందే. ఓటు కాగితం మీద ఉండటమా, వెళ్లడమా అని అడిగారు. గేటు ఎవరి ఇంటి ముందు పెట్టమంటారు అని అడగలేదు. అడిగి ఉంటే ఆయన గులాబీల సంగతి ముందే తెలిసేది.

ఇప్పుడు ఇక్కడ ఇంకో ఓటు గురించి మాట్లాడుకుంటున్నారు. మెజారిటీ ప్రజలు ఐర్లండ్‌తో కలవాలనుకుంటున్నట్టు కనిపిస్తే ఓటింగు పెట్టాలని 1998 ఒప్పందంలోనే ఉంది. అప్పుడు ఏమిటని అడిగాను. "అప్పుడు నా ఇంటి ముందు పాస్‌పోర్టు మారుతుంది, నేను మారను" అని ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. మాట తుంచేసినట్టే అనిపించింది. నేనూ పొడిగించలేదు.

సాయంత్రం మనవరాలికి బిస్కెట్లు కొనడానికి దుకాణానికి వెళ్తే కోడిమాంసం పొట్లం మీద "నాట్ ఫర్ ఈయూ" అని ముద్ర కనిపించింది. ఐరోపా సమాఖ్యలో అమ్మరాదని. ఆ సమాఖ్య మొదలయ్యే చోటుకు అక్కడి నుంచి కారులో పది నిమిషాలు. నాకు ముచ్చటేసి ఆ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, కొంటానేమోనని దుకాణం అమ్మాయి సంచి తెచ్చి ఇచ్చింది. బిస్కెట్లు మాత్రం కొని, పాత అలవాటు కొద్దీ బిల్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటి కొంత దూరం వచ్చాక బస్సు ఆగింది. యూనిఫాంలో ఉన్న ఒక కుర్రవాడు ఎక్కి, సీట్ల మధ్య నడుస్తూ నా దగ్గర ఆగాడు. కాగితాలు చూపించండి అన్నాడు. మర్యాదగానే అడిగాడు. తొమ్మిదేళ్లు నేనూ అదే మర్యాదతో అడిగాను కాబట్టి ఆ గొంతు గుర్తుపట్టాను. నాలుగు అక్షరాలు చూసి పాస్‌పోర్టు తిరిగి ఇచ్చాడు. నా ముందు సీట్లో నిద్రపోతున్న దంపతులను లేపలేదు. నా సంచిలో ఏముందని అడగలేదు. బిస్కెట్ల బిల్లు జేబులోంచి సగం బయటికి తీసి ఉంచాను, మళ్లీ లోపల పెట్టుకున్నాను.