ప్రెస్ నోట్ కింద పేరు ఎవరిది?

ప్రజా సంబంధాల వృత్తిలో ఉన్నవాళ్లు అబద్ధాలు చెబుతారన్నది అందరూ అనే మాట. నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లోని ఆస్పత్రులకూ, కళాశాలలకూ, రొయ్యల ఎగుమతిదారులకూ ప్రెస్ నోట్లు రాసి బతికే నాకు మాత్రం అసలు జబ్బు మరోచోట ఉందనిపిస్తుంది. పచ్చి అబద్ధం రాయమనే యజమానులు తక్కువే, ఎందుకంటే దొరికిపోతామన్న భయం వాళ్లకూ ఉంటుంది. రోజూ జరిగేదల్లా, మాట్లాడుతున్నది ఎవరో పాఠకుడికి తెలియకుండా చూడడం.

కావలి ప్రాంతంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉచిత వైద్య శిబిరం పెట్టింది. సాయంత్రానికల్లా విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలతో సహా నోట్ పడింది. మర్నాడు మూడు పత్రికల జిల్లా పేజీల్లో అదే వార్త, అవే వాక్యాలు, ‘అధునాతన’కు బదులు ‘అదునాతన’ అన్న అదే అక్షరదోషంతో సహా అచ్చయ్యింది. శిబిరానికి వచ్చినవారిలో ఎంతమందిని ఆపరేషన్ కోసం మళ్లీ అదే ఆస్పత్రికి రమ్మన్నారో, అక్కడ వారికయ్యే ఖర్చెంతో ఏ పత్రికలోనూ లేదు. నోట్‌లోనే లేనిది పత్రికలోకి ఎలా వస్తుంది? చదివేవాడు మాత్రం విలేకరి వెళ్లి, చూసి రాశాడనే అనుకుంటాడు.

ఇందులో విలేకరిని తప్పుపట్టడం తేలిక. మండల కంట్రిబ్యూటర్‌కు పత్రిక ఇచ్చేది బండి పెట్రోలుకు చాలదు. పైగా ఉగాదికీ, ఆగస్టు పదిహేనుకూ యాడ్లు తెచ్చే బాధ్యత కూడా అతని మీదే ఉంటుంది. ఏ ఆస్పత్రి గురించి ప్రశ్నలు రాయాలో, ఆ ఆస్పత్రి మేనేజర్ గది ముందే యాడ్ కోసం అతను కూర్చోవాలి. ఈ సంగతి పీఆర్వోలందరికీ, అంటే సంస్థల ప్రజా సంబంధాల అధికారులందరికీ, తెలుసు. చాలామంది పనితనమంతా ఆ బలహీనతను వాడుకోవడంలోనే ఉంటుంది. విలేకరి చేతిలో డబ్బు పెట్టిన ‘కవర్’ ఇచ్చే అలవాటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకడిగా చెప్పుకునే అమెరికన్ ఐవీ లీ 1906లో ఒక ప్రకటన విడుదల చేశాడు. తమది రహస్య వార్తా సంస్థ కాదనీ, పనంతా బాహాటంగానే చేస్తామనీ అందులో చెప్పుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత, 1914లో, కొలరాడో బొగ్గు గనుల సమ్మెలో అక్కడి పెద్ద గని సంస్థ యజమానులైన రాక్‌ఫెల్లర్ల పక్షాన అతను రాసిన బులెటిన్లు గని యజమానుల కమిటీ పేరుతో వెళ్లాయి. వాటిలో కొన్ని అంకెలు తప్పని తేలాయి. యజమానులు ఇచ్చిన సమాచారం నిజమో కాదో తెలుసుకోవడానికి నువ్వేం చేశావని 1915లో విచారణ సంఘం అడిగితే, ఏమీ చేయలేదని ఒప్పుకున్నాడు. కక్షిదారు, అంటే డబ్బిచ్చి పని చేయించుకునే క్లయింట్, ఇచ్చిన కాగితాన్ని సరిచూడకుండా పైకి పంపడం మన వృత్తికి పుట్టుకతో వచ్చిన గుణమే అనుకోవాలి.

మన దేశంలో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1968 ఏప్రిల్ 21న ఈ వృత్తివారు పాటించాల్సిన నీతి సూత్రాలు చెప్పే అంతర్జాతీయ ఏథెన్స్ నియమావళిని స్వీకరించింది. ఏటా ఆ తేదీన జాతీయ ప్రజా సంబంధాల దినోత్సవం జరుగుతుంది, శాలువాలు కప్పుతారు. కానీ వైద్యుడికీ, న్యాయవాదికీ ఉన్నట్టు మాకు చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. నియమావళి సభ్యులను మాత్రమే కట్టడి చేస్తుంది, సభ్యుడు కానివాడు కూడా రేపటి నుంచే ఆఫీసు తెరవవచ్చు. అయినా సంఘం గట్టిగా నిలబడితే ఏమవుతుందో 2017లో చూశాం. దక్షిణాఫ్రికాలో జాతి విద్వేషాలు రెచ్చగొట్టేలా ప్రచారం నడిపినందుకు బ్రిటన్‌లోని వృత్తి సంఘం బెల్ పాటింజర్ అనే పేరుమోసిన సంస్థను బహిష్కరించింది. కక్షిదారులు వరసగా తప్పుకోవడంతో కొద్ది రోజుల్లోనే ఆ సంస్థ దివాలా తీసింది.

మన దగ్గర డబ్బిచ్చి వేయించుకునే వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘం 2010లోనే వివరమైన నివేదిక ఇచ్చింది. ఉపసంఘం సభ్యులిద్దరిలో మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు. పూర్తి పాఠం బయటికి రావడానికి మాత్రం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. ఇప్పుడు ఎన్నికలప్పుడు జిల్లా స్థాయి కమిటీలు పెయిడ్ న్యూస్‌ను కనిపెట్టి, ఆ ఖర్చును అభ్యర్థి లెక్కలో వేస్తున్నాయి. ఎన్నికలు కాగానే ఆ కాపలా ఉండదు.

కొంతైనా జవాబుదారీ ఉన్నది, నాకు కనిపించినంతలో, పర్యావరణ అనుమతుల కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలోనే. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం కనీసం ముప్పై రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి, సభను వీడియో తీయాలి, లేచిన ప్రశ్నలనూ వాటికి సంస్థ ఇచ్చిన జవాబులనూ రాతపూర్వకంగా జతపరచాలి. ముత్తుకూరు, చిల్లకూరు తీరంలో థర్మల్ విద్యుత్ కేంద్రాల కోసం జరిగే ఇలాంటి సభల్లో మత్స్యకారులు అడిగేవి సూటి ప్రశ్నలు: మీరు వదిలే నీళ్లు ఎంత వేడిగా ఉంటాయి, ఏ నెలలో ఎంత వదులుతారు, వలలో చేప తగ్గితే ఎవరిని అడగాలి? పీఆర్వో చేతికిచ్చిన కాగితంలో ఉండేది ‘నిబంధనలకు లోబడి’ అన్న ఒక్క ముక్కే. అయితే ఆ ముక్క రికార్డుకెక్కుతుంది, సంస్థ పేరుతో ఎక్కుతుంది. ప్రెస్ నోట్‌కు ఆ కష్టం లేదు.

ఇటువంటి ఊళ్లలోనే ‘మా సంస్థ దాతృత్వం’ అన్న బోర్డుతో మంచినీటి ప్లాంట్లు కనిపిస్తాయి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కిందికి వచ్చే సంస్థ మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చుపెట్టి తీరాలి. చట్టం చేయమన్న ఖర్చును దానంగా రాసిపెట్టే బోర్డులో అబద్ధమైన అంకె ఒక్కటీ ఉండదు. దాన్ని నీతి అనగలమా?

నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక హోటల్ డబ్బిస్తే బిరియాని తిని మెచ్చుకునే యూట్యూబ్ కుర్రాడు, అది డబ్బు తీసుకున్న వీడియో అని తెరమీద చూపాలి. 2021లో వచ్చిన ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు ఆ మాటే చెబుతున్నాయి. గుండె ఆపరేషన్లు చేసే ఆస్పత్రి పంపిన నోట్ వార్తగా అచ్చయితే అలాంటి గుర్తేదీ ఉండదు.

నేను రాసే నోట్ల చివర సంస్థ పేరు, దాని తరఫున రాసింది నేనన్న మాట, ఫోన్ నంబరు వేస్తున్నాను. స్థలం లేదని పత్రిక డెస్కులో దాన్ని తీసేస్తారు, అది నా చేతిలో లేదు. యజమానే తీసేయమంటే మాత్రం నోట్ పంపను. అలా చేజారిన పని వేరేవాళ్లకు వెళ్తోంది, వాళ్ల నోట్లు అదే పేజీలో నా నోట్ పక్కనే అచ్చవుతున్నాయి.