ధైర్యం అంటే ఏంటో జనరల్స్‌కే తేలలేదు

ఈమధ్య రాత్రిళ్ళు నిద్రపట్టక గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన లాకెస్ అనే సంభాషణ చదివా, చిన్నదే కానీ బుర్ర తినేసింది. పిల్లలకి కవచం వేసుకుని ఫైటింగ్ చేయడం నేర్పించాలా వద్దా అని ఇద్దరు తండ్రులు అడుగుతారు, అది కాస్తా అసలు ధైర్యం అంటే ఏంటి అనే దగ్గరకి పోతుంది.

లాకెస్ అనే జనరల్ ఠక్కున చెప్పేస్తాడు, వరసలోంచి కదలకుండా నిలబడి పోరాడేవాడే ధైర్యవంతుడు అని. సోక్రటీస్ ఊరుకుంటాడా, మరి ప్లాటియా యుద్ధంలో స్పార్టా వాళ్ళు వెనక్కి తగ్గి, పర్షియన్ల వరస చెదిరాక తిరిగి కొట్టి గెలిచారు కదా, అది పిరికితనమా అంటాడు. అడిగేవాడు కూడా మామూలోడు కాదులెండి, క్రీ.పూ. 424లో డేలియం యుద్ధంలో ఓడి ఏథెన్స్ సైన్యం పారిపోతుంటే ఈయన తాపీగా చుట్టూ చూసుకుంటూ నడిచొచ్చాడట, పక్కన ఈ లాకెస్సే ఉన్నాడు.

నేను మాత్రం అందులోనే ఉన్న ఇంకో జనరల్ నికియాస్ దగ్గర ఆగిపోయా. దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో తెలియడమే ధైర్యం అంటాడాయన, వినడానికి ఎంత బావుందో. అదే మనిషి క్రీ.పూ. 413లో సిసిలీ ద్వీపం నుంచి ఏథెన్స్ సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్ళాల్సిన టైంలో చంద్రగ్రహణం పట్టిందని, జోస్యులు చెప్పారని, 27 రోజులు ఆగాల్సిందే అన్నాడు. సైన్యం సర్వనాశనం, ఆయన్నీ చంపేశారు. ప్లేటో ఇదంతా తెలిసే రాశాడు, జోస్యుడు జనరల్ మాట వినాలి గానీ జనరల్ జోస్యుడి మాట కాదు అని నికియాస్ ముందే సోక్రటీస్ చేత అనిపిస్తాడు, అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది.

చివరికి ఏదీ తేలదు, రేపు పొద్దున కలుద్దాం అని లేచిపోతారు. ధైర్యం పిరికితనానికీ దుడుకుతనానికీ మధ్యలో ఉంటుందని అరిస్టాటిల్ తేల్చాడు కదా అని ఆయన పుస్తకమూ మొదలుపెట్టా, లెక్చర్ నోట్స్‌లా ఉంది, ఈ గొడవలో ఉన్న మజా లేదు.